శుక్రవారం నెత్తురు

భార్గవికి మెడనొప్పి మొదలై మూడేళ్లయింది. పీహెచ్‌డీ మొదలైందీ అప్పుడే. రెంటిలో ఏది ముందు వదులుతుందని మొదట్లో అందరూ అడిగేవాళ్లు. ఈమధ్య అడగడం కూడా మానేశారు.

నంద్యాల ఊరి చివర పశురోగాల ల్యాబులో పనికొచ్చే మైక్రోస్కోపు ఒక్కటే ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, యూనివర్సిటీ నుంచి అనుమతి కాగితం తెచ్చుకున్నా, అక్కడి ఇన్‌ఛార్జి మాత్రం జూన్ నుంచి ఆమెకు శనివారం ఒక్కటే ఇచ్చాడు. పొద్దున తొమ్మిదింటికి స్టూలెక్కితే సాయంత్రం ఐదింటికి దిగేది. మధ్యలో డబ్బాలోని పెరుగన్నం, రెండుసార్లు నడుం విరుచుకోవడం, అంతే. రాత్రి కళ్లు మూసుకున్నా ఎర్ర కణాలే కనబడేవి.

ఆమె వెతికేది ఒక చుక్కను. నిజం చెప్పాలంటే, ఆ చుక్క లేకపోవడాన్ని.

గేదెలకు సర్రా అని ఒక రోగం ఉంది. జోరీగ ఒక పశువును కుట్టి ఇంకో పశువు మీద వాలితే, కంటికి కనపడని పురుగు ఒకటి ఆ నెత్తుట్లోంచి ఈ నెత్తుట్లోకి దిగుతుంది. జ్వరం వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. పశువు చిక్కిపోతుంది, పాలు ఎండిపోతాయి, చూడిదైతే కడుపు పోతుంది. నెత్తుటి బొట్టును గాజు పలక మీద పలచగా పూసి, రంగు పట్టించి చూస్తే, ఆ పురుగు సన్నటి తోకతో వంకర తిరిగి పడి ఉంటుంది. నడుమ ఉండే ఊదారంగు మచ్చ దాని కేంద్రకం. ఒక కొసన సూదిమొనంత ఇంకో చుక్క ఉంటుంది. ఆ చుక్కంతా దాని మైటోకాండ్రియాలోని డీఎన్ఏ. ఒకదాంట్లో ఒకటి దూరిన వేల చిన్న చిన్న ఉంగరాలు, ముద్దగా పేరుకొని ఉంటాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో తీసిన ఆ ఉంగరాల బొమ్మను పుస్తకంలో చూసి భార్గవి మనసు పారేసుకుంది. ఇప్పుడు తలుచుకుంటే తనమీద తనకే జాలేస్తుంది.

విచిత్రమేమిటంటే కొన్ని పురుగులకు ఆ చుక్క పోతుంది. పోయినా అవి చావవు. పశువు నెత్తుట్లో చక్కెర దొరికినంత కాలం ఆ ఉంగరాలతో వాటికి పెద్దగా పనిలేదు. ఎందుకు పోతుంది, ఎక్కడ పోతుంది, ఎంత దూరం పాకుతుంది అన్నదే భార్గవి చదువు.

జనవరి నుంచి మే దాకా సోమవారాలు తానే బస్సెక్కి, ఆళ్లగడ్డ పక్కనున్న పల్లెకు పోయి నెత్తురు తెచ్చుకుంది. ఆ స్లైడుల్లో ప్రతి పురుగుకూ చుక్క ఉంది. శనివారం వాటా పడ్డాక, నెత్తురు తాజాగా ఉండాలంటే శుక్రవారం తీయాల్సి వచ్చింది. శుక్రవారం ఆమెకు కాలేజీలో పాఠాలు చెప్పే పని. అందుకని శాంతయ్యను కుదుర్చుకుంది.

శాంతయ్య పశువుల ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు అటెండరుగా చేసి రిటైరైన మనిషి, ఆ పల్లె చర్చిలో సంఘపెద్ద. చెవి కొసన గుచ్చి గాజు మీద పూత పూయడంలో ఆయన చేతికి సాటి లేదు. భార్గవి పన్నెండు ఇళ్ల పేర్లు రాసిచ్చింది. శుక్రవారం పొద్దున వంతుల ప్రకారం ముగ్గురి గేదెలవి తీసి, స్లైడు కొసన పెన్సిలుతో పేరు రాసి, డబ్బా కట్టి మధ్యాహ్నం బస్సు కండక్టరు చేతికిచ్చేవాడు. ఒక్క వారం తప్పలేదు. పురుగు కనపడిన ఇంటికి భార్గవి ఒక్కో మందు సీసా పంపేది, మీద ప్లాస్టరు అంటించి యజమాని పేరు రాసి. అదీ ఆ బస్సులోనే పోయేది.

శుక్రవారం స్లైడుల్లో చుక్క లేదు. ఓబులమ్మ గేదెలో లేదు, సుగుణమ్మ గేదెలో లేదు, శివప్రసాద్ గేదెలో లేదు. చీకటి గదిలో మెరిసే రంగు వేసి చూసినా కేంద్రకమే వెలిగింది, పక్కన వెలగాల్సింది వెలగలేదు. సెప్టెంబరుకు పదకొండు ఇళ్లయ్యాయి. "వానలతో పాటు పల్లెంతా చుక్క పోయింది సార్" అని ఫోన్లో చెప్పినప్పుడు గైడు ఫణీంద్ర సారు మూడేళ్లలో మొదటిసారి ఆమెను "మీరు" అన్నాడు. హైదరాబాదులో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు ఇరవై రెండో తేదీ ఇప్పించాడు. పురుగులు నిండుగా ఉన్న నెత్తురు తీసుకుపోవాలి, ఫొటోలు తీయించాలి, నెలాఖరుకు థీసిస్ ఇవ్వాలి. మెడనొప్పికి కూడా ఒక గడువు దొరికినట్టయింది.

మూడిళ్ల గేదెల్లో ఒకే వారం పురుగులు నిండటం, ఒకే వారం తగ్గడం, మందు పంపిన ఇంట్లో కూడా మళ్లీ కనపడటం ఆమె చూడకపోలేదు. చూసింది. జోరీగల గుంపు ఒకటే కాబట్టి అని నోటుబుక్కులో రాసుకుంది. అలసిన బుద్ధికి దొరికిన మొదటి కారణమే ముద్దు.

ఆ శుక్రవారం పొద్దున భ్రమరాంబకు షుగరు పరీక్ష కోసం నెత్తురు తీసుకుపోవడానికి నాగజ్యోతి అనే అమ్మాయి ఇంటికొచ్చింది. భ్రమరాంబ భార్గవి తల్లి. గడపకు పసుపు రాస్తూ తలెత్తకుండానే చెప్పింది:

"రేపు రామ్మా. శుక్రారం పూట ఇంట్లోంచి నెత్తురు బయటికి ఇచ్చేది లేదు."

"పరగడుపునే తీయాలంట ఆంటీ, డాక్టరు చెప్పినాడు."

"డాక్టరుకేం తెలుసు? రేపు గూడా పరగడుపునే ఉంటాలే, యాడికి పోతా?"

నాగజ్యోతి వెళ్లిపోయింది. భార్గవి కాఫీ గ్లాసు కింద పెట్టింది. మొదట ఆమెకు తల్లి మీద విసుగొచ్చింది. ఆ తర్వాత విసుగు మెల్లగా వేరే రంగులోకి తిరిగింది.

"అమ్మా, పశువుల్ది గూడా తీయనియ్యరా శుక్రారం?"

"పశువేంది, మనిషేంది? పాడి ఉన్న ఎనుము ఇంటికి లచ్చిమి. శుక్రారం దాని చెవు గుచ్చి నెత్తురు తీస్తామంటే ఎవురన్నా ఊరుకుంటారా? ఏమ్మే, ఎన్నేండ్లు చదివితే ఏముంది, ఈ మాత్రం తెలీకపోయె నీకు."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. భార్గవి ఇంట్లో ఆ మాట చిన్నప్పటి నుంచీ వింటూనే ఉంది. శుక్రవారం గోళ్లు తీయనివ్వరు, దుడ్లు బయటికియ్యరు. మరి ఆళ్లగడ్డ పక్క పల్లెలో పన్నెండు ఇళ్ల వాళ్లు, పద్నాలుగు శుక్రవారాలుగా, ఎట్లా తీయనిస్తున్నారు?

కాలేజీకి సెలవు చెప్పి తొమ్మిదింటి బస్సెక్కింది. సంచీలో పాత అద్దం మైక్రోస్కోపు పెట్టుకుంది. ఎండ పట్టుకుంటే చాలు, పొలం గట్టున కూడా చూడొచ్చు దాంట్లో. కాలువ పక్కన వరినాట్లు పచ్చగా ఉన్నాయి. శిరివెళ్ల దాటేదాకా ఆమె కిటికీకి తల ఆనించుకొని ఒకటే అనుకుంది: తప్పు నాది కాకుంటే బాగుండు. పనిలో తప్పు ఉండకూడదని కాదు, తప్పు తనది కాకుంటే చాలని. అంత అలసిపోయి ఉంది.

శాంతయ్య ఇంటి ముందు కొట్టంలో, బేతంచెర్ల నాపరాయి మీద మూడు స్లైడులు వరసగా ఆరుతున్నాయి. శాంతయ్య గొంతుకూర్చొని గేదె చెవి కొసను దూదితో ఒత్తుతున్నాడు. ఆయన భార్య జీవమ్మ దాని తలతాడు పట్టుకొని నిలబడింది.

"ఏందమ్మా, చెప్పాపెట్టకుండా వచ్చినావ్?" అంది జీవమ్మ.

భార్గవి వంగి స్లైడుల కొసలు చూసింది. గుండ్రటి అక్షరాలు. సుగుణమ్మ. ఓబులమ్మ. శివప్రసాద్.

"శాంతయ్యన్నా, ఈ ఎనుము ఎవరిది?"

"మాదే మేడం."

"మరి ఈ పేర్లు?"

"మీరిచ్చిన లిస్టే గదా. వారానికి ముగ్గురివి, వంతుల పకారం రాస్తాండా. ఒక్క వారం గూడా తప్పలే." ఆయన ముఖంలో దాపరికం ఏమీ లేదు. పని చక్కగా చేసినవాడి నెమ్మది ఉంది.

"వాళ్ల ఎనుముల్ది తీయమని గదన్నా నేను చెప్పింది!"

"శుక్రారం ఎవురు తీయనిస్తారు మేడం? మొదటి వారం ఓబులమ్మ చేట ఎత్తుకోని నా మీదికొచ్చె. మాకు ఆ పట్టింపు లేదు గదా, మాదే తీసినా."

"ఆ మాట నాకు చెప్పాల గదా?"

శాంతయ్య నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మీకు నేను చెప్పేదేంది మేడం? మీరు శెట్టిగారి బిడ్డ. శుక్రారం సంగతి మాకంటే మీకే బాగా తెలుసు. తెలిసీ శుక్రారమే కావాలన్నారంటే, శాంతయ్యా, మీ ఇంట్లోదే తియ్యి అంటాండారు, నోరు తెరిచి అడగలేక మర్యాదగా చెప్తాండారు అనుకున్యా."

కోపం తెచ్చుకుందామంటే భార్గవికి దాన్ని పెట్టుకునే చోటు దొరకలేదు. పదకొండు ఇళ్లు, నలభై రెండు స్లైడులు, వానలు, జోరీగల గుంపు, గైడు అన్న "మీరు". అన్నీ కలిపి ఒక్క గేదె. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. పల్లె గేదెలన్నీ ఎప్పట్లాగే ఉన్నాయి. వాటి నెత్తుట్లో పురుగులున్నా, చుక్కతోనే ఉండి ఉంటాయి. ఆమె స్లైడులు పక్కకు జరిపి నాపరాయి మీద కూర్చుంది.

కూర్చున్నాక గేదెను సరిగా చూసింది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. కళ్ల కింద నీటి చారలు ఎండి నల్లబడ్డాయి. చెవుల కొసలు నిండా గుచ్చిన గాట్లు, పాతవాటి మీద కొత్తవి. పొట్ట మాత్రం పెద్దగా ఉంది.

"చూడిదా?"

"ఏడో నెల" అంది జీవమ్మ.

"మరి నేను పంపిన మందులు ఏం చేసినావన్నా? పదకొండు సీసాలు పంపినా."

అప్పటిదాకా తడుముకోని శాంతయ్య ఇప్పుడు తల దించుకున్నాడు. జీవమ్మ తాడు ఆయన చేతిలో పెట్టి, లోపలికిపోయి బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి మూత తీసింది. పదకొండు సీసాలు, వరసగా, బట్టలో చుట్టి. ఒక్కటీ తెరవలేదు. ప్లాస్టర్ల మీద భార్గవి చేతిరాత.

"దీనికే రోగమని తెలుసు గదా. దీనికే వేయొచ్చు గదన్నా!"

"వాళ్ల పేర్ల మీద వచ్చినయ్ మేడం. ఒకరి పేరు మీద వచ్చింది మన ఎనుముకు పొడుచుకుంటే దొంగతనం గాదా? సంఘపెద్దను నేను. వాళ్లకిద్దామంటే వాళ్ల ఎనుములకు రోగం లే. అందుకని ఎత్తిపెట్టినా."

గాజు మీద నలభై రెండుసార్లు వేరేవాళ్ల పేర్లు రాసిన మనిషి, సీసా మీది ఒక్క పేరు చెరపలేకపోయాడు. నవ్వితే ఏడుపొస్తుందని భార్గవి సీసాల మీది పేర్లు చదువుతూ పోయింది.

"అదొక్కటే గాదులేమ్మా," అంది జీవమ్మ. ఆమె మాటలో నిష్ఠూరం లేదు, ఓపిక అయిపోవడం ఉంది. "సంతలో మందు కొనుక్కోని రా అని నేను ఎన్నితూర్లో చెప్తి. పురుగు సస్తే మేడం సదువు యాడిదాడ ఆగిపోతాది అనె. మూడు లీటర్లిచ్చే ఎనుము, ఇప్పుడు చెంబుడు గూడా లే. ఇంగ నేనేం అందును?"

శాంతయ్య భార్యను కసిరినట్టు చూశాడు కానీ, ఆ మాట అబద్ధమని అనలేదు.

భార్గవి సంచీలోంచి మైక్రోస్కోపు తీసి నాపరాయి మీద పెట్టింది. ఇప్పుడే గుచ్చిన చెవి నుంచి ఒక బొట్టు తీసుకొని, అద్దం ఎండకు తిప్పి చూసింది. కణాలు దొర్లుతున్నాయి. చాలాసేపటికి ఒకచోట కణాలు ఉలిక్కిపడి పక్కకు జరిగాయి. వాటి మధ్య నుంచి ఒక పురుగు మెలికలు తిరుగుతూ పోయింది. ఇంకాసేపటికి ఇంకొకటి. పది నిమిషాలకు రెండు. రెండు పురుగుల కోసం హైదరాబాదులో ఎవరూ అంత పెద్ద యంత్రం ముట్టుకోరు.

"నాలుగైదు రోజులాగితే మళ్లా జ్వరమొస్తాది మేడం," అన్నాడు శాంతయ్య ఆమె మనసు చదివినట్టు. "అప్పుడు నెత్తురు నిండా ఉంటాయ్. మీరు ఫోన్లో చెప్పిన ఇరవై రెండుకు సరిపోతాది. పేరు గూడా మాదే రాస్తా ఈసారి."

ఆయన చెప్పింది నిజమే. ఒక్క గేదైతేనేం, చుక్కలేని పురుగు నిజమైన పురుగే. ఆ ఉంగరాల ముద్ద ఉండాల్సిన చోట ఖాళీని ఒక్క ఫొటో తీయిస్తే, పల్లె కథ పోయినా ఒక అధ్యాయం నిలబడుతుంది. నెలాఖరుకు థీసిస్ ఇవ్వొచ్చు. ఇప్పుడు సూది వేస్తే ఆ పురుగు ఇక ఎక్కడా లేదు. మూడేళ్లలో ఆమెకు దొరికిన ఒకే ఒక్క వింత అది. ఇంకో జ్వరం వచ్చి కడుపు పోతే పోవచ్చు, పోకపోనూ వచ్చు. ఇన్ని జ్వరాలు తట్టుకుంది కదా, ఇంకొకటి తట్టుకోదా?

ఆ ఆలోచన తనదేనని భార్గవి తర్వాత కూడా ఎన్నడూ బొంకలేదు. ఆగాలనే అనుకుంది. నాపరాయి మీద కూర్చొని వేళ్ల మీద రోజులు కూడా లెక్కపెట్టింది.

గేదె పొట్ట మీద జోరీగ వాలితే జీవమ్మ తుండుగుడ్డతో తోలింది. అది ఎగిరిపోయి మళ్లీ వచ్చి వాలింది. ఆమె మళ్లీ తోలింది. ఆ పని పొద్దుటి నుంచీ చేస్తోందో, జూన్ నుంచీ చేస్తోందో.

భార్గవి లేచింది. డబ్బాలోంచి చేతికందిన సీసా తీసింది. ఓబులమ్మది. సంచీలోంచి సిరంజి తీసి మందు ఎక్కించబోతుంటే శాంతయ్య గొంతు సవరించుకున్నాడు.

"మేడం, ఆ పేరు..."

ఆమె ప్లాస్టరు పీకి, కొత్త ముక్క అంటించి, పెన్నుతో "శాంతయ్య" అని రాసి ఆయన ముందు పెట్టింది.

"ఇప్పుడు సరేనా?"

ఆయన కళ్లజోడు సవరించుకొని చదివాడు. "ఇప్పుడు సరే" అని తాడు గట్టిగా పట్టుకున్నాడు.

మెడ మీద చర్మం ఎత్తిపట్టి భార్గవి సూది వేసింది. గేదె ఒకసారి కాలు నేలకు కొట్టి ఊరుకుంది. జీవమ్మ కళ్లు మూసుకొని పెదాలు కదిపింది. భార్గవి అలవాటు కొద్దీ ఒక గొట్టంలో నెత్తురు తీసిపెట్టుకుంది, అది దేనికీ చాలదని తెలిసే.

బస్సులో గైడుకు జరిగిందంతా టైపు చేసి పంపింది. శిరివెళ్ల దగ్గర ఒక జవాబు వచ్చింది: "ఒక్క గేదెనా?" నంద్యాల బస్టాండులో దిగేటప్పుడు ఇంకొకటి వచ్చింది: "సరే. ఉన్నది ఉన్నట్టు రాయి. గడువు ఆర్నెల్లు పెంచమని అడుగుతా." మళ్లీ ఏకవచనంలోకి దిగాడు. అందులో ఆమెకు కొంచెం ఊరటే కనిపించింది.

ఇంటికి పోయి ఆమె స్లైడుల పెట్టె ముందేసుకొని కూర్చుంది. నలభై రెండింటి మీది పేర్లూ రబ్బరుతో చెరిపి, ఒక్కొక్కదాని మీద ఒకే పేరు రాసింది. అది రాయడానికి గంటన్నర పట్టింది. మూడేళ్ల పనిలో అంత సులువైన పని ఇంకేదీ లేదు, అంత బరువైనదీ లేదు.

తర్వాతి వారం శనివారం ల్యాబుకు బస్సు డబ్బా వచ్చింది. లోపల ఒక్క స్లైడు. శాంతయ్య, శుక్రవారం, అని ఉంది. నిజమైన పేరుతో ఆయన పంపిన మొదటి స్లైడు.

భార్గవి రంగు పట్టించి, నూనె బొట్టు వేసి, తొమ్మిదింటికి స్టూలెక్కింది. పై అంచు నుంచి కింది అంచు దాకా, ఎడమ నుంచి కుడికి, ఒక్క చోటు వదలకుండా చూసింది. పురుగు ఉండకూడదు. మందు పనిచేసి ఉంటే ఉండదు. అది తెలిసీ ఆమె ఒక్కటి కోసం వెతికింది. ఒక్కటంటే ఒక్కటి, చుక్క లేనిది, ఏదో ఒక మూలన మిగిలిపోయిందేమోనని. గేదె బాగుపడాలనీ కోరుకుంది, పురుగు మిగలాలనీ కోరుకుంది. ఒకే కన్నుతో రెండూ వెతికింది. పెరుగన్నం డబ్బా మూత తీయలేదు. నాలుగింటికి స్లైడు అయిపోయింది. కణాలు, కణాలు, అన్నీ శుభ్రంగా, గుండ్రంగా.

మెడ వెనక్కి వంచి, కళ్లు నలుపుకొని ఫోన్ చేసింది.

"శాంతయ్యన్నా, ఒక్కటి గూడా లేదు."

"అయ్యో!" అన్నాడు శాంతయ్య, తనవాళ్లకేదో నష్టం జరిగినంత దిగులుగా.

వెనక నుంచి జీవమ్మ గొంతు వినపడింది: "దేవునికి స్తోత్రం!"

భార్గవి ఫోను పెట్టేసింది. పొద్దుటి నుంచీ ఆ రెండు మాటలూ తన లోపలే ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయని అప్పుడు తెలిసింది. కళ్లు తుడుచుకొని రిజిస్టరు ముందుకు లాక్కుంది. పేరు: శాంతయ్య. వారం: శుక్రవారం. పురుగు: లేదు.